సైరనమ్మ పోగొట్టుకున్న నిద్ర

సైరనమ్మకి కోపం రావడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు. ఆ మాట ఆవిడే ఒప్పుకుంటుంది. కానీ ఆ రాత్రి విమానంలో వచ్చిన కోపం అలాంటిలాంటి కోపం కాదు. అది ఎక్కడ రాజుకుందో, ఎంత దూరం ఎగిరిందో, చివరికి ఎవరి నెత్తిన దిగిందో వరసగా చెప్పుకోవాలి. లేకపోతే, పాపం ఆ బావగారేం చేశాడు అనిపిస్తుంది.

ఆవిడ అసలు పేరు షెడ్డులో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుకు రాదు. మరమగ్గాల మీద నేతపని ఆవిడది. ఆ మగ్గాలన్నీ ఒక్కసారి మొదలయ్యాయంటే పక్కన పిడుగు పడ్డా తెలియదు. ఆ మోతని దాటి కేకేయగల గొంతు షెడ్డు మొత్తానికి ఈవిడదొక్కటే. ఎప్పుడో టీకి రమ్మని ఒక్క అరుపు అరిస్తే, పక్క షెడ్డువాళ్ళు షిఫ్టు అయిపోయిందనుకుని చేతులు కడిగేసుకున్నారట. ఆ రోజు నుంచి సైరన్. వయసు పెరిగాక గౌరవంగా సైరనమ్మ.

అరుపులు అందరివల్లా అవుతాయా? అందుకే అక్కడి ఆడవాళ్ళు ఇంకో విద్య పట్టారు. గొంతు వాడకుండా నోరు మాత్రం పెద్దగా కదిలిస్తూ మాట్లాడతారు. అవతలివాళ్ళు పెదాలు చూసి చదువుకుంటారు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, పనిలో పడితే అదే వస్తుంది. సైరనమ్మ, వాళ్ళ అక్క ఎదురెదురు మగ్గాల మీద పనిచేశారు. మేస్త్రీ బట్టతల మీద జోకులు, అత్తల మీద చాడీలు, మొగుళ్ళ మీద ఫిర్యాదులు అన్నీ ఆ మోతలో, ఒక్క చప్పుడు లేకుండా సాగేవి. ఒకసారి ఇద్దరికీ చెడితే పూటంతా తిట్టుకున్నారు. మధ్యలో నిలబడ్డ మేస్త్రీకి చీమంత కూడా తెలియలేదు. తర్వాత అక్క మోకాళ్ళ నొప్పులతో పని మానేసి, మొగుణ్ణి వెంటబెట్టుకుని, దూరంగా కూతురుండే చోటికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ అక్క ఆసుపత్రిలో పడింది. గొంతులో గడ్డ. ఊపిరాడటానికి ముందు మెడ దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టారు. గడ్డ తీసే అసలు ఆపరేషన్ ఇంకా ఉంది. ఆ గొట్టం ఉన్నంతసేపూ పెదాలు కదులుతాయి గానీ మాట బయటికి రాదు.

అక్క కూతురు ఏడుస్తూ ఫోన్ చేసింది. “పిన్నీ, ఆపరేషన్ అనగానే అమ్మ తల అడ్డంగా ఊపేస్తోంది. డాక్టర్ని పక్కకి తోసేసింది. ఆవిడ ఒద్దంటే మేం కత్తి పట్టం అంటున్నాడాయన. ఏదో చెబుతోంది పిన్నీ, ఒక్క ముక్క అర్థమై చావట్లేదు.”

“రాయించండే.”

“మందుల మత్తులో చెయ్యి తిరగట్లా. గీతలు గీసి, పెన్ను తీసి నాన్న మీదకి విసిరింది. ఊరికే నాన్న ఫోన్ వంక చూపిస్తోంది. మనవాళ్ళతో మాట్లాడాలనుందేమోనని నాన్న అందరికీ కలిపి ఇస్తూనే ఉన్నాడు. అయినా ఊరుకోదు.”

“వీడియో పెట్టు, నే చదువుతా.”

పెట్టింది. బొమ్మ ఆగి ఆగి వచ్చింది. అక్క నోరు ఒకచోట తెరుచుకుని బిగుసుకుపోయింది, మళ్ళీ చూసేసరికి మూసుకునుంది. మధ్యలో మాటలన్నీ గల్లంతు.

“రేపు పొద్దున్న డాక్టరు చివరిసారి అడుగుతాడట. అమ్మ ఒద్దంటే ఇంటికి పంపేస్తారట. నువ్వొస్తే తప్ప లాభం లేదు పిన్నీ.”

రాత్రి విమానంలో సీటు దొరికింది. అల్లుడే టికెట్టు పంపాడు. సైరనమ్మ మేస్త్రీకి ఒక మాట చెప్పి, చేతిసంచిలో రెండు చీరలు కుక్కుకుని బయల్దేరింది. దారి పొడుగునా ఒక్కటే అనుకుంది: విమానంలో నిద్రపోవాలి. అది సుఖం కోసం కాదు. పెదాలు చదవడం చెవులతో చేసే పని కాదు, కళ్ళతో చేసే పని. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన కళ్ళకి అందరి నోళ్ళూ ఆవులించినట్టే కనిపిస్తాయి. ఆ సంగతి ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? పొద్దున్న అక్క ఏమంటుందో పొల్లు పోకుండా చదవాలి. తప్పు చదివితే అక్క ప్రాణం మీదకొస్తుంది.

ఇంత ఆలోచించుకుని విమానం ఎక్కితే, ఎదురుగా పచ్చ టోపీల గుంపు.

నీళ్ళ పంపులు అమ్మే కంపెనీ మనుషులట. బాగా అమ్మినందుకు కంపెనీ విహారయాత్రకి పంపుతోందిట. సైరనమ్మకి ఈ వివరాలు ఎవరూ చెప్పలేదు, విమానమంతటికీ వినపడ్డాయి. వాళ్ళలో ఒకడు సీట్లో కూర్చోడు. నాలుగు వరసల ముందున్న ఒక సీటు మీద మోచేతులు ఆనించి, నడిచే దారిలో వెనక్కి తిరిగి నిలబడ్డాడు. మొహం సరిగ్గా సైరనమ్మ వైపు. నెత్తిన లైటు. సైరనమ్మ వాడికి మనసులోనే మైకు అని పేరు పెట్టేసింది. మైకు ఏ ముక్కన్నా పకపకా నవ్వే అమ్మాయి ఒకతె పక్కన ఉంది. ఆ పిల్ల పేరు పకపక. ఇంక వెతుక్కోనక్కర్లేదు.

విమానం లేచింది, లైట్లు ఆరాయి, జనం దుప్పట్లు కప్పుకున్నారు. మైకు నెత్తి మీద లైటు మాత్రం ఆరలేదు. సైరనమ్మ గంట నొక్కింది. విమానం అమ్మాయి వచ్చింది.

“అమ్మాయ్, వాళ్ళని కాస్త నోళ్ళు మూసుకోమను తల్లీ.”

ఆ అమ్మాయి వెళ్ళి చాలా తియ్యగా చెప్పింది. మైకు అంతకన్నా తియ్యగా “సారీ అండీ” అన్నాడు. విమానం అమ్మాయి తెర వెనక్కి వెళ్ళడం ఆలస్యం, “ఎంతవరకొచ్చాం?” అని మళ్ళీ అందుకున్నాడు. సైరనమ్మకి ఒళ్ళు భగ్గుమంది. తిట్టినా బాగుండేది. సారీ చెప్పి మళ్ళీ అదే పని చేసేవాణ్ణి ఏమనాలి?

సంచిలోంచి దూది తీసింది. షెడ్డులో చెవుల్లో పెట్టుకునే దూది, ఎప్పుడూ ఆవిడ దగ్గరే ఉంటుంది. రెండు చెవుల్లోనూ గట్టిగా కూరింది. కళ్ళు మూసుకుంది. లోకం కాస్త మెత్తబడింది. హమ్మయ్య అనుకుంది.

అక్కడే వచ్చింది చిక్కు. దూది మాటని పూర్తిగా ఆపదు, సగంలో తుంచుతుంది. “పంపు పాడైపోయిందని మా మీద పడ్డాడు. విప్పి చూస్తే లోపల...” అన్నంతవరకూ వినపడింది. తర్వాతది దూదిలో ఇంకిపోయింది. లోపలేముంది? సైరనమ్మ కళ్ళు మూసుకునే ఉంది. ఏముంటే నాకేం, నిద్రపో, అని తనని తాను గదమాయించుకుంది. ఊహూ. చిన్నప్పట్నించీ వినపడని మాటని చూసి పూర్తిచేసుకున్న కళ్ళు అవి. వాటంతటవే తెరుచుకున్నాయి. లైటు కింద మైకు పెదాలు పుస్తకంలో అచ్చేసినట్టు స్పష్టంగా ఉన్నాయి. “...వాళ్ళ మావగారి కట్టుడు పళ్ళు!”

పకపక పడీ పడీ నవ్వింది. సైరనమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. వాళ్ళ మీద ఒక కోపం, ఆ పళ్ళు పంపులోకి ఎలా వెళ్ళాయో తెలుసుకోవాలనిపించినందుకు తన మీద ఇంకో కోపం. దుప్పటి మొహం మీదకి లాక్కుంది. ఊపిరాడలేదు. తీసేసింది. మైకు ఇంకో కథ ఎత్తుకున్నాడు. సగం చెవి, సగం కన్ను, పూర్తిగా జాగారం.

పక్క సీట్లో కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన ఉన్నాడు. పళ్ళ డాక్టరునని ఎక్కినప్పుడే చెప్పుకున్నాడు. ఆవిడ అటూ ఇటూ దొర్లడం చూసి, మర్యాదగానే అడిగాడు. దూది ఉన్నా ఆయన పెదాలు ఎదురుగానే ఉన్నాయి. “మగ్గాల మోతలో పనిచేస్తానన్నారు కదమ్మా. ఆ మోత ముందు ఇదెంత?”

ఈ మాట ఆవిడతో అన్నవాడు ఆయన మొదటివాడు కాదు. ప్రతివాడూ ఇదే అంటాడు. “మగ్గం నాతో ఏం మాట్లాడదండీ,” అంది. “అది దాని పని చేసుకుంటుంది. దాని పక్కన హాయిగా కునుకు తీయొచ్చు. మనిషి నోరలా కాదు. మాటుంటే మనసు లాగుతుంది. మగ్గం కథలు చెబుతుందా? మావగారి పళ్ళంటుందా?”

పెద్దాయన బిత్తరపోయి చూశాడు. ఎందుకో సైరనమ్మకి అర్థం కాలేదు. సానుభూతే అనుకుంది. ఇంకా దగ్గరికి వంగి, రహస్యంగా, ఆయనకి మాత్రమే వినపడేలా మనసులోది బయటపెట్టింది.

“ఆ నిలబడ్డ లౌడుస్పీకరు గాణ్ణి చూడండి. వీడికి తల్లి ఉగ్గుతో పాటు మైకు కూడా మింగించిందేమో! వీడి పెళ్ళాం ఎలా వేగుతోందో గానీ, ఈ యాత్రకి పంపింది కంపెనీ కాదు, ఆవిడే అయ్యుంటుంది. నాలుగు రోజులు ఇల్లు చల్లబడుతుందని. పక్కన ఆ పిల్లొకతి, వీడు దగ్గినా నవ్వుతుంది. ఇద్దర్నీ కలిపి ఆ పంపులోనే దోపి మూత బిగించాలి!”

ఇదీ ఆవిడ రహస్యం. చెవుల్లో దూది ఉన్నప్పుడు మగ్గాలవాళ్ళు ఏ గొంతుతో మాట్లాడతారో అదే గొంతు. దూది చెవికి తగిలితే చాలు, ఆ గొంతు దానంతటదే లేస్తుంది. అలవాటు మరి. షెడ్డులో అది రహస్యమే. విమానంలో మాత్రం ముందు నుంచి వెనక దాకా లైట్లు టపటపా వెలిగాయి. ఎక్కడో చంటిపిల్ల కేరుమంది. ఎవరో “ఏమైంది, దిగిపోవాలా?” అని లేచి నిలబడ్డారు.

విమానం అమ్మాయి పరుగున వచ్చింది. సైరనమ్మ దూది తీసింది.

“అమ్మా, దయచేసి కాస్త మెల్లిగా. అందరూ నిద్రపోతున్నారు.”

“నేనా?” అంది సైరనమ్మ. “నన్నా అంటున్నావ్?”

“మీరేనమ్మా. చంటిపిల్లలున్నారు.”

చూశారా అన్యాయం! ఇంతసేపూ వాగినవాళ్ళకి తియ్యటి మాటలు, ఒక్కసారి నోరు విప్పినదానికి చివాట్లు. అవమానంతో సైరనమ్మ చెవులు కాలిపోయాయి. పచ్చ టోపీలన్నీ ఒక్కటై నవ్వాయి. అక్క మొహం గుర్తొచ్చింది, తెల్లారితే డాక్టరు గుర్తొచ్చాడు. ఒక్క క్షణం ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే కళ్ళు ఇంకా వాస్తాయని మింగేసింది. ఆ ఏడుపు కూడా కోపంలోకే మళ్ళింది.

మైకు ఇప్పుడు బుద్ధిమంతుడిలా కూర్చుని, పకపక వైపు వంగి గుసగుసలాడుతున్నాడు. ఎంత గుసగుసంటే, పక్కనున్న పకపకకే సరిగ్గా వినపడటం లేదు. కానీ మొహం పక్కకి తిరిగి ఉంది, నెత్తిన లైటు వెలుగుతూనే ఉంది.

“ముసలమ్మకి పిచ్చి,” అన్నాడు.

“పిచ్చి కాదు నాయనా, నిద్రలేదు,” అంది సైరనమ్మ నాలుగు వరసల వెనక నుంచి.

మైకు ఉలిక్కిపడి తిరిగాడు. యాదృచ్ఛికం అనుకున్నాడు కాబోలు, ఇంకా గొంతు తగ్గించాడు. “ఎలా వినపడింది? దయ్యంలా ఉందే.”

“దయ్యాలకి నిద్ర అక్కర్లేదు. నాకు కావాలి.”

పకపక నవ్వలేదు. అదే మొదటిసారి. మైకు చెమట తుడుచుకుంటూ ఆ పిల్ల చెవిలో అన్నాడు, “ఊరుకో, ముందు సీట్లో బాసు లేస్తే చస్తాం. ఆయన గురక కూడా టార్గెట్లు అడిగినట్టే ఉంటుంది.”

సైరనమ్మ ఊరుకుంటే బాగుండేదేమో. ఊరుకోలేదు. ఈసారి దూది లేకుండానే, తెలిసి తెలిసి, షెడ్డు గొంతు తీసింది. “అయ్యా ముందు సీటు బాసుగారూ! మీ గురక కూడా టార్గెట్లు అడిగినట్టుంటుందని మీవాడు అంటున్నాడు. మీరు లేస్తే చస్తాడట. లేవండి బాబూ, పుణ్యముంటుంది!”

ముందు వరసలో కళ్ళకి గంతలు కట్టుకుని నిద్రపోతున్న పచ్చ టోపీ ఒకటి మెల్లిగా కదిలింది. గంత ఒక కంటి మీద నుంచి పైకి లేచింది. మైకు మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఇంకా మాట్లాడుకోండి,” అంది సైరనమ్మ. “మెల్లిగానే మాట్లాడుకోండి. మీవాళ్ళందరికీ నేను చేరవేస్తా.”

ఆ తర్వాత పచ్చ టోపీల్లో ఒక్క నోరు కదిలితే ఒట్టు. పకపక దుప్పటి ముక్కు దాకా కప్పుకుంది. మైకు అరచేత్తో నోరు మూసుకునే నిద్రపోయాడు. విమానం గుడ్డల గోదాములా నిశ్శబ్దమైంది.

సైరనమ్మ తృప్తిగా కళ్ళు మూసుకుంది. మూసుకుందో లేదో, లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. విమానం అమ్మాయి నవ్వుతూ ట్రే పట్టుకొచ్చింది. “గుడ్ మార్నింగ్ అమ్మా. టీ? బన్ను?”

ఆ బన్ను సైరనమ్మ కొరికిన తీరు చూసి పళ్ళ డాక్టరే కాస్త పక్కకి జరిగాడు.

ఆసుపత్రికి చేరేసరికి కళ్ళు కారం కొట్టినట్టున్నాయి. గదిలో అక్క మంచం, పక్కన పరదా, దాని వెనక ఇంకో మంచం. అక్క కూతురు, అల్లుడు, బావ ముగ్గురూ ఒక్కసారి మాట్లాడారు. బావ చెవి దగ్గర ఫోన్ ఉంది. ఎవరికో చెబుతున్నాడు, ఆసుపత్రి మెట్లదాకా వినపడేలా. “ఆఁ, వచ్చింది, మరదలు వచ్చింది. ఇదిగో, మీ వదినకిస్తా, మాట్లాడండి!” ఫోన్ తీసుకెళ్ళి అక్క చెవికి ఆనించాడు. మాట రాని మనిషికి! అక్క తల విదిలించింది.

డాక్టరు గుమ్మంలో నిలబడ్డాడు. “మీరేనా చెల్లెలు? అడగండమ్మా. ఆవిడ ఒప్పుకుంటేనే.”

సైరనమ్మ మంచం పక్కన కూర్చుంది. అక్క చూసింది. పెదాలు గబగబా కదిలాయి. సైరనమ్మకి ఏమీ అందలేదు. పెదాలు నీళ్ళలో కదిలినట్టున్నాయి. కళ్ళు నులుముకుంది. మళ్ళీ చూసింది. ఏదో తెరుచుకుంది, ఏదో మూసుకుంది, అంతే. పుట్టినప్పట్నించీ చదివిన మొహం, ఇవాళ అక్షరం ముక్క రావడం లేదు.

“ఏమంటోంది?” అన్నాడు బావ వెనక నుంచి. “నీళ్ళేమో. మంచినీళ్ళేనా? మా పెద్దన్నయ్యకి కలపమంటోందా? ఇదిగో కలుపుతున్నా.”

“బావా, కిటికీకి అడ్డం లే!” అంది సైరనమ్మ పళ్ళు బిగించి.

ఆయన జరిగాడు. పొద్దుటి వెలుతురు సరాసరి అక్క మొహం మీద పడింది. సైరనమ్మ కొళాయి దగ్గరికెళ్ళి చన్నీళ్ళు కళ్ళ మీద కొట్టుకుని వచ్చి, గొంతు లేకుండా, మగ్గం దగ్గరలాగే నోరు పెద్దగా తెరిచి అంది: ‘మెల్లిగా. మోత ఎక్కువగా ఉంది.’

అక్క ఆగింది. చెల్లెలి మొహం తేరిపార చూసింది. ఒక్కో మాటా విడదీసి, పాతకాలం షెడ్డులోలాగా పలికింది: ‘కళ్ళేంటే అలా ఉన్నాయి? తాగొచ్చావా?’

అందింది! ప్రతి అక్షరమూ అందింది. సైరనమ్మకి నవ్వు, ఏడుపు, మంట అన్నీ ఒక్కసారే వచ్చాయి.

‘నిద్ర లేదే. విమానంలో వెధవలు రాత్రంతా వాగుతూనే ఉన్నారు.’

అక్క కళ్ళు ఎర్రబడ్డాయి. ‘నాకూ లేదు. వచ్చిన దగ్గర్నించీ లేదు. మీ బావ. ఆ ఫోన్. లాక్కోండని చూపిస్తుంటే ఇంకొకళ్ళకి కలుపుతాడు. రాత్రంతా నా చెవిలో చుట్టాలు. ఊపిరి పీలుస్తోందా అని ఫోన్లో నా చెవి పక్కనే అడుగుతారు. నిద్ర లేకుండా కత్తి కింద పడుకోను. ఒక్క పూట పడుకోనివ్వండి. తర్వాత ఎక్కడ కావాలంటే అక్కడ కోసుకోమను.’

సైరనమ్మ డాక్టరు వైపు తిరిగింది. “ఆపరేషన్‌కి ఒప్పుకుంటోందండీ. ముందు నిద్రపోతానంటోంది. అంతే.”

“అంతేనా?” అన్నాడు డాక్టరు. అక్క తల నిలువుగా ఊపింది. “సాయంత్రానికి పెట్టుకుందాం,” అని ఆయన వెళ్ళిపోయాడు.

అప్పుడు సైరనమ్మ లేచి నిలబడింది. పచ్చ టోపీలు, విమానం అమ్మాయి చివాట్లు, కట్టుడు పళ్ళు, ఆ బన్ను, అన్నీ కలిసి రాత్రంతా ఉడికి ఉన్నాయి. ఎదురుగా బావ ఫోన్‌లో అంటున్నాడు, “ఆఁ పెద్దన్నయ్యా, ఒప్పుకుంది, ఒప్పుకుంది, నువ్వే చెప్పు ఆవిడకి...”

“బావా!”

షెడ్డు గొంతు. కారిడార్లో నర్సు చేతిలోని ట్రే గణగణలాడింది. పెద్దన్నయ్య కూడా అవతల ఠక్కున పెట్టేశాడు.

“ఇన్నేళ్ళు కాపురం చేశావ్, పెళ్ళాం వేలు పెట్టి చూపిస్తే అర్థం కాలేదా? ఫోన్ వైపు చూపిస్తే ఫోన్ చెయ్యమనేనా? దాని గొంతు పోయిందని నీకు రెండు గొంతులు మొలిచాయా? ఇలా ఇవ్వు ముందు!”

“మరి అందరూ అడుగుతుంటే...” అని గొణుగుతూ బావ ఫోన్ ఆవిడ చేతిలో పెట్టాడు. పెట్టాక మంచం మీదున్న మనిషి వంక చూశాడు. “నిద్రేనా? నిద్ర కోసమా ఇంత గోల? చెప్పొచ్చుగా...” అన్నాడు. అన్నాక తను ఏమన్నాడో తనకే తెలిసి, తలొంచుకుని బయటికి నడిచాడు. అక్క కూతురూ అల్లుడూ ఆయన వెనకే జారుకున్నారు.

సైరనమ్మ ఫోన్ నొక్కి ఆపేసి, నడుం దగ్గర చీరలో దోపుకుంది. కుర్చీ లాక్కెళ్ళి గుమ్మానికి అడ్డంగా వేసుకుంది. ఎవడొస్తాడో రమ్మను, అని చేతులు కట్టుకుని కూర్చుంది. అక్క కళ్ళు మూతలు పడ్డాయి. కాపలా మనిషి మెడ కూడా ఆ వెంటే వాలిపోయింది.

కాసేపటికి నర్సు పరుగున వచ్చింది. గదిలోంచి వస్తున్న గురకకి పక్క వార్డుల వాళ్ళు కూడా తలుపుల్లోంచి తొంగి చూస్తున్నారు. “అమ్మా, అమ్మా, మెల్లిగా,” అంటూ సైరనమ్మ భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. గురకలో మాటలుండవు కాబట్టి, మగ్గం పక్కన నిద్రపోయినట్టే నిద్రపోతున్న అక్క, ఒక్క కన్ను తెరిచింది. నర్సు వంక చూసి పెదాలు కదిలించింది. దాన్ని లేపావంటే చంపేస్తా, అంది.

నర్సుకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆ పెదాలు చదవగల ఒక్క మనిషీ గురక పెడుతోంది. కానీ ఆ కన్ను చూశాక ఎవరైనా చదివి చెప్పాల్సిన అవసరం కనపడలేదు. నర్సు చెయ్యి వెనక్కి తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.